మన రోడ్డు మీద సైకిల్

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం తరఫున నా బ్యాచ్ మిత్రుడు ఫోన్ చేశాడు. సరూర్‌నగర్ చెరువు గురించో, విక్టోరియా మెమోరియల్ గురించో రాస్తాననుకున్నట్టున్నాడు. సైకిల్ గురించి రాస్తానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సైకిల్‌కేం చరిత్ర ఉందిరా?" అన్నాడు.

ఉంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఉన్న నాలుగు కిలోమీటర్ల రోడ్డు మీద ఈ యాభై ఏళ్ళలో సైకిల్‌కు ఏం జరిగిందో చూస్తే, మన ప్రాంతానికి ఏం జరిగిందో చాలావరకు తెలిసిపోతుంది. నేను 1986లో పదో తరగతి పాసై బడి నుంచి బయటికి వెళ్ళాను. సివిల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు రోడ్ల పనుల్లోనే గడిపాను. కాబట్టి ఇందులో కొంత జ్ఞాపకం ఉంది, కొంత లెక్క ఉంది, ఒక ఒప్పుకోలు కూడా ఉంది.

బడి సైకిల్ స్టాండు

మన కాలం వాళ్ళకు గుర్తు చేయక్కర్లేదు, తర్వాతి బ్యాచ్‌ల కోసం చెబుతున్నాను. గేటు లోపల ఎడమ పక్క, ఇప్పుడు కార్లు ఆగే చోట, వేప చెట్ల కింద రేకుల షెడ్డు ఉండేది. అదే సైకిల్ స్టాండు. అట్లాస్, హీరో, హెర్క్యులెస్, ర్యాలీ, ఒకటో రెండో బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్‌లు. ఎస్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు ఆ రోజుల్లో గొప్పింటివాడు. ఒక చివర సైకిల్ పడితే వరస మొత్తం పడిపోయేది. సాయంత్రం బెల్లు కొట్టాక హ్యాండిళ్ళు విడదీసుకోవడానికే పది నిమిషాలు పట్టేది.

సొంత సైకిల్ లేనివాళ్ళం సైకిల్ టాక్సీ దుకాణంలో గంటకు యాభై పైసలకు అద్దెకు తీసుకునేవాళ్ళం. సీటు మీద కూర్చుంటే కాళ్ళు అందవు. అందుకే కడ్డీ కింద నుంచి కాలు దూర్చి ఖైంచీ తొక్కుడు. మోకాలి మీద మచ్చ లేని మగపిల్లవాడు మా క్లాసులో ఒక్కడు కూడా లేడు. ఆడపిల్లలకు సైకిల్ నేర్పించడం మాత్రం ఇళ్ళలో అరుదు. మా క్లాసులో సైకిల్ మీద వచ్చిన అమ్మాయిలు ఇద్దరే.

మన లెక్కల సారు సైకిల్ మీదే వచ్చేవారు. ఒకరోజు తన సైకిల్‌ను వరండాలోకి తెప్పించి, వెనక టైరు మీద చాక్‌పీసుతో గీత పెట్టి, చక్రాన్ని నేల మీద సరిగ్గా ఒక చుట్టు తిప్పించారు. 28 అంగుళాల చక్రం, అంటే సుమారు 71 సెంటీమీటర్ల వ్యాసం. నేల మీద కొలిస్తే దాదాపు 2 మీటర్ల 23 సెంటీమీటర్లు వచ్చింది. "భాగించండి" అన్నారు. 3.14 వచ్చింది. తర్వాత పెడల్ దగ్గరి పళ్ళ చక్రానికి 48 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్ళు లెక్కపెట్టించారు. ఒక్కసారి తొక్కితే సైకిల్ దాదాపు ఆరు మీటర్లు ముందుకు పోతుందని మాచేతే చెప్పించారు. నేను ఇంజనీరింగ్ వైపు వెళ్ళడానికి ఆ వరండా కూడా ఒక కారణం.

రోడ్డు పెరిగింది, సైకిల్ తగ్గింది

దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే జాగీర్దారు పేరు మీద వచ్చిందని పెద్దలు చెబుతారు. పొలాలు ప్లాట్లు అయ్యాయి, ప్లాట్లు కాలనీలు అయ్యాయి. ఎల్‌బీ నగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. మన చిన్నప్పుడు ఇవి హైదరాబాద్ కార్పొరేషన్‌లో లేవు. ఎల్‌బీ నగర్ ఒక మున్సిపాలిటీ, గడ్డి అన్నారం ఇంకొకటి. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేసినప్పుడు ఈ రెండూ అందులో కలిశాయి.

మనకు బజారు, బస్టాపు, సినిమా హాలు, కోచింగ్ సెంటర్ అన్నీ ఒకే రోడ్డు మీద. ఆ రోడ్డు జాతీయ రహదారి. పుణె నుంచి మచిలీపట్నం వెళ్ళే దారిని మనం నైన్ నంబర్ హైవే అనేవాళ్ళం, ఇప్పుడు దాని నంబరు 65. ఇంట్లో ఉప్పు అయిపోయినా విజయవాడ లారీల పక్క నుంచే వెళ్ళి తెచ్చుకోవాలి. కొత్తపేట దగ్గర పండ్ల మార్కెట్ వచ్చాక లారీలు మరీ పెరిగాయి. తెల్లవారుజామున అక్కడి నుంచి బుట్టలు కట్టుకుని కాలనీల్లోకి వెళ్ళే సైకిళ్ళూ వరసగా కనిపించేవి. 2021లో మార్కెట్ బాటసింగారం వైపు తరలిపోయింది, ఆ బుట్టల సైకిళ్ళు కూడా పోయాయి.

ఎనభైల్లో ముందు లూనా, టీవీఎస్ 50 వచ్చాయి. తర్వాత వంద సీసీ బండ్లు వచ్చాయి. తొంభైల్లో దిల్‌సుఖ్‌నగర్ సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లకు, హాస్టళ్ళకు పెట్టింది పేరయింది. కాలేజీకి సైకిల్ మీద వెళ్తే చిన్నతనం అనిపించే రోజులు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నేనూ సైకిల్ వదిలేశాను.

రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ బండ్లకు లేను పెరిగింది, అంచు తగ్గింది. సైకిల్ బతికేది ఆ అంచు మీదే. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా 16 కిలోమీటర్ల మెట్రో ప్రారంభమైంది. మనకు అది నిజంగా వరం, నేను రోజూ అందులోనే ఆఫీసుకు వెళ్తున్నాను. కానీ కింద రోడ్డు మధ్యలో స్తంభాలు వచ్చాక మిగిలిన జాగాలో బస్సులు, ఆటోలు, ఆగిన బండ్లు సర్దుకున్నాయి. 2018 నుంచి 2023 దాకా ఎస్‌ఆర్‌డీపీ పథకం కింద చింతలకుంట అండర్‌పాసు, కామినేని కూడలి, ఎల్‌బీ నగర్ కూడలి, బైరామల్‌గూడ ఫ్లైఓవర్లు ఒకటొకటిగా పూర్తయ్యాయి. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో గంటలకొద్దీ నిలబడ్డవాళ్ళం కాబట్టి వాటి విలువ మనకు తెలుసు.

ఇక్కడ ఒక చిన్న లెక్క. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు అనుకుందాం. మామూలు మనిషి అలసిపోకుండా తొక్కితే 75 వాట్ల శక్తి పెట్టగలడు. సమతలం మీద అది గంటకు 15 కిలోమీటర్లకు పైగా వేగం ఇస్తుంది. ముప్పై మీటర్లకు ఒక మీటరు లేచే ర్యాంపు మీద అదే శక్తితో వేగం 7, 8 కిలోమీటర్లకు పడిపోతుంది. పక్కనే కార్లు అరవైలో పోతుంటాయి. సరే, ఫ్లైఓవర్ ఎక్కకుండా కింద నుంచి పోదామంటే, ర్యాంపు మొదట్లో ఎడమకు తిరిగే బండ్లన్నీ సైకిల్ ముందు నుంచే కోసుకుంటూ పోతాయి. ఫ్లైఓవర్ దగ్గర సైకిల్‌వాడికి పైన చోటు లేదు, కింద దారి లేదు.

21 ఫిబ్రవరి 2013

ఈ చరిత్రలో ఒక సాయంత్రం గురించి రాయకుండా ఉండలేను.

2013 ఫిబ్రవరి 21, గురువారం. రాత్రి ఏడు గంటల ప్రాంతంలో దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. ఒకదానికి ఒకటి వంద మీటర్ల దూరం. 17 మందికి పైగా చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, చదువుకోవడానికి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు, సాయంత్రం తిండి కోసం ఆగినవాళ్ళు. 2016 డిసెంబర్‌లో ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది.

బాంబులు పెట్టింది సైకిళ్ళకు.

మా నాన్న అప్పటికి రిటైరై ఎనిమిదేళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీకి రోజూ తన అట్లాస్ సైకిల్ మీదే వెళ్ళివచ్చాడు. నేను ఒకటో తరగతిలో చేరింది కూడా ఆ క్యారియర్ మీద కూర్చునే. రిటైరయ్యాక కూరగాయలకు, లైబ్రరీకి, గుడికి అదే సైకిల్. పేలుళ్ళు జరిగిన పది రోజులకు, ఎప్పటిలాగే సైకిల్‌కు తాళం వేసి ఒక దుకాణం పక్కన నిలబెట్టి మందులు కొనడానికి వెళ్ళాడు. క్యారియర్‌కు ఒక సంచి కట్టి ఉంది. తిరిగి వచ్చేసరికి జనం దూరంగా గుండ్రంగా నిలబడి ఉన్నారు. పోలీసులు వచ్చి ఉన్నారు. "ఎవరిదీ సైకిల్?" అని అరుస్తున్నారు. నాన్న చెయ్యెత్తి "నాదే బాబూ" అన్నాడు. సంచి విప్పించారు. అందులో నాలుగు మామిడికాయలు, ఒక పాత కండువా ఉన్నాయి. పోలీసాయన మర్యాదగానే "ఏమనుకోకండి పెద్దాయనా, రోజులు బాగాలేవు" అన్నాడట.

ఇందులో ఎవరి తప్పూ లేదు. జనం భయం నిజం, పోలీసుల బాధ్యత నిజం. కానీ నాన్న ఆ రోజు సైకిల్‌ను తొక్కుకుంటూ రాలేదు, నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. మేడ మెట్ల కింద పెట్టి తాళం వేశాడు. మళ్ళీ తీయలేదు. "సైకిల్‌ను చూసి మనుషులు జరిగిపోతున్నర్రా" అని ఒక్కసారి మాత్రం అన్నాడు. 2019లో ఆయన పోయాడు. తాళంచెవి ఆయన చొక్కా జేబులో దొరికింది.

ఆదివారం గుంపు

2020 లాక్‌డౌన్‌లో రోడ్లు ఖాళీ అయ్యాయి. మెట్ల కింద దుమ్ము కొట్టుకుపోయిన అట్లాస్‌ను బయటికి తీశాను. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, చైను మార్చాల్సి వచ్చింది. ఫ్రేము, హ్యాండిలు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని బాగు చేయించిన రోజుల్లోనే ఒక వార్త చదివాను. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ సంస్థ, సాహిబాబాద్‌లో మిగిలిన తన ఆఖరి ఫ్యాక్టరీని జూన్ 3న మూసేసింది. జూన్ 3 అంటే ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన ప్రపంచ సైకిల్ దినోత్సవం.

అప్పటికే హైదరాబాద్‌లో సైకిల్ సంఘాలు కొత్త కాదు. 2000 దశకం చివరలోనే హైదరాబాద్ బైసికిలింగ్ క్లబ్ వచ్చింది. డి.వి. మనోహర్ గారు దానికి ఛైర్మన్‌గా ఉండి సైకిల్ అద్దె స్టేషన్ల కోసం, ట్రాకుల కోసం పనిచేశారు. హైదరాబాద్ రాండనీర్స్ వాళ్ళు దూరపు సవారీలు నిర్వహిస్తారు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో, 600 కిలోమీటర్లను 40 గంటల్లో పూర్తి చేయాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక సంస్థ ప్రపంచ నగరాల్లో "సైకిల్ మేయర్లు" అనే గౌరవ పదవి ఇస్తుంది. మన నగరానికి ఆ బాధ్యత తీసుకున్నది సంతాన సెల్వన్ గారు. 2021 కరోనా రెండో ఉద్ధృతిలో ఆయనతో పాటు ఎందరో సైకిల్ మీద వృద్ధుల ఇళ్ళకు మందులు, సరుకులు చేరవేశారు. బెంగళూరులో మొదలైన ఈ పనికి రిలీఫ్ రైడర్స్ అని పేరు.

మా తూర్పు వైపు గుంపు వీటితో పోలిస్తే చాలా చిన్నది. దానికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు. ఆదివారం ఉదయం అయిదున్నరకు ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర కలుస్తాం. ఒక్కోసారి ఎనిమిది మంది, ఒక్కోసారి ముప్పై మంది. బ్యాంకు ఉద్యోగులు, ఇద్దరు నర్సులు, ఒక టైలరు, ఇంటర్ చదివే పిల్లలు, మన బడిలో పనిచేసి రిటైరైన ఒక టీచరమ్మ. ఆమె 61వ ఏట సైకిల్ నేర్చుకున్నారు. "ఇరవై ఏళ్ళు స్టాండులో సైకిళ్ళు చూశాను గాని ఒక్కటీ ముట్టుకోలేదు" అంటారు నవ్వుతూ.

పద్ధతి చాలా తేలిక. ముందు ఒకరు దారి చూపుతారు, చివర ఒకరు ఉంటారు. చివరి మనిషి వేగమే అందరి వేగం. పంక్చరైతే అందరూ ఆగుతారు. సరూర్‌నగర్ చెరువు కట్ట మీదుగా ఒక వారం. ఆ చెరువు 1626 నాటిది, నగరం కంటే కొద్దిగానే చిన్నది. వనస్థలిపురం వైపు ఇంకో వారం. అక్కడ మహావీర్ హరిణ వనస్థలి మూడున్నర వేల ఎకరాలకు పైగా ఉంది. 1975లో, వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా ఆ పేరు వచ్చింది. తెల్లవారుజామున ఆ గోడ పక్క నుంచి పోతుంటే నెమళ్ళ అరుపు వినిపిస్తుంది, అదృష్టం బాగుంటే కంచెలోంచి కృష్ణజింకలు కనిపిస్తాయి. హయత్‌నగర్ దాటి పెద్ద అంబర్‌పేట దాకా వెళ్ళి వస్తే ముప్పై కిలోమీటర్లు. ఆఖరున ఇడ్లీ, చాయ్. ఇడ్లీ దగ్గర కూర్చునే సమయం తొక్కిన సమయం కంటే ఎక్కువని మా ఇంట్లో ఫిర్యాదు.

"పని లేక తొక్కుతున్నరా?"

2022లో ఒక ఆదివారం, చింతలకుంట దగ్గర పంక్చరై ఆగాం. ఇంకా చీకటిగానే ఉంది. ఒకాయన పాత హీరో సైకిల్ మీద, హ్యాండిలుకు టిఫిన్ డబ్బా తగిలించుకుని వస్తూ మమ్మల్ని చూసి ఆగాడు. మా హెల్మెట్లు, రంగురంగుల చొక్కాలు కింది నుంచి పైదాకా చూశాడు.

"యాడికి పోతున్నరు సారూ?"

"ఎక్కడికీ కాదన్నా. ఊరికే, వ్యాయామం."

"పని లేక తొక్కుతున్నరా?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకుందామని. ఆయన ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్. రాత్రి డ్యూటీ దిగి, తొమ్మిది కిలోమీటర్లు తొక్కి ఇంటికి పోతున్నాడు. రోజూ పోవడం తొమ్మిది, రావడం తొమ్మిది. సైకిల్‌కు లైటు లేదు, వెనక ఎర్ర బిళ్ళ లేదు. "పొద్దుగాల లారోల్లకు కనవడం సారూ. అందుకే కచ్చా రోడ్డు మీదికి దిగి తొక్కుతా" అన్నాడు.

మాలో ఒకరు తన సైకిల్ వెనక లైటు ఊడదీసి ఆయన సైకిల్‌కు బిగించారు. ఆయన వెళ్ళాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆదివారం గంటసేపు తొక్కే మేం సైక్లిస్టులం. వారానికి వంద కిలోమీటర్లు తొక్కే ఆయన్ను ఆ పేరుతో ఎవరూ పిలవరు, రోడ్డు వేసేవాళ్ళు లెక్కలోకి కూడా తీసుకోరు.

ఆ లెక్క వేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మొదట్లో చెప్పిన ఒప్పుకోలు ఇదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు సైకిల్ ట్రాకుల మీద 1962లోనే ఒక ప్రమాణ పత్రం ప్రచురించారు, దాని నంబరు 11. రద్దీ గంటలో 400 సైకిళ్ళు పోతే ట్రాకు వేయవచ్చు. మోటారు బండ్లు గంటకు 200 దాటిన రోడ్డు మీదైతే 100 సైకిళ్ళున్నా ట్రాకు అవసరం కావచ్చు. ఆ పుస్తకం నా షెల్ఫులో ముప్పై ఏళ్ళుగా ఉంది. ఎన్నో రోడ్ల డ్రాయింగులు గీశాను. ఒక్కదానిలోనూ సైకిల్‌కు గీత గీయలేదు. "సైకిళ్ళు ఎక్కడున్నాయి?" అనేవాళ్ళం. రోడ్డు ప్రమాదకరమైతే సైకిళ్ళు తగ్గుతాయి, తగ్గాయి కాబట్టి ట్రాకు వేయం, ట్రాకు లేదు కాబట్టి ఇంకా తగ్గుతాయి. బడి లేని ఊళ్ళో చదివేవాళ్ళెవరూ లేరు కాబట్టి బడి అక్కర్లేదని రాసినట్టు.

నిజానికి సైకిళ్ళు అంత తక్కువేమీ లేవు. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులకు వెళ్ళేవాళ్ళలో దేశం మొత్తం మీద దాదాపు 13 శాతం మంది సైకిల్ మీద వెళ్తున్నామని చెప్పారు. వాళ్ళు తిరిగే వేళ వేరు, మనం చూసే వేళ వేరు.

మేం అడుగుతున్నది

ఆ వారం నుంచి మా గుంపు పని మారింది. సవారీ అలాగే ఉంది. ప్రతి ఆదివారం సంచిలో ఎర్ర రిఫ్లెక్టర్ బిళ్ళలు కూడా ఉంటాయి. దారిలో కనిపించిన పాలబ్బాయికి, పేపరబ్బాయికి, మేస్త్రీకి, వాచ్‌మన్‌కు అడిగి వెనక మడ్‌గార్డుకు బిగిస్తాం. రెండు నిమిషాల పని.

తర్వాత వినతిపత్రాలు మొదలుపెట్టాం. పెద్ద కోరికలు కాదు. మొదటిది, మురుగు కాలువల మీది ఇనుప జాలీలు. వాటి కమ్మీలు రోడ్డు పోయే దిక్కుగానే ఉంటే సన్నటి సైకిల్ టైరు సందులో దిగబడుతుంది, మనిషి తలకిందులవుతాడు. జాలీని అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు. ఫోటోలు, కొలతలు, చిన్న డ్రాయింగు జతచేసి ఇచ్చాం. మూడుసార్లు తిరిగాం. నాలుగోసారి వెళ్ళేసరికి ఒక కాలనీ దారిలో జాలీలు తిప్పి బిగించి ఉన్నాయి. ఆ రోజు ఇడ్లీ కొట్టు దగ్గర మిఠాయి పంచుకున్నాం.

రెండోది, మెట్రో స్టేషన్ల కింద తాళం వేసుకునేలా సైకిల్ స్టాండ్లు. మూడోది, బడులున్న వీధుల్లో ఉదయం, సాయంత్రం వేగం తగ్గించే ఏర్పాటు. నాలుగోది, ఫ్లైఓవర్ల కింద ఎడమ మలుపుల దగ్గర సైకిల్ దాటే చోటును రంగుతో గుర్తించడం. ఈ మూడూ ఇంకా కాగితం మీదే ఉన్నాయి.

నగరానికి సైకిల్ ట్రాకు లేదని కాదు. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర కిలోమీటర్లు. మూడు లేన్లు, పైన 16 మెగావాట్ల సౌర పలకల కప్పు. ఇంజనీరుగా చూసి సంతోషించాను, తొక్కి ఇంకా సంతోషించాను. కానీ అది నగరానికి పడమటి అంచున ఉంది. మన వాచ్‌మన్‌కు దాన్ని చేరాలంటే ముందు నగరం మొత్తం దాటాలి. ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ళకు ట్రాకు దొరికింది, పని కోసం తొక్కేవాళ్ళకు ఇంకా దొరకలేదు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే వాహనాలకు కాక మనుషులకు రోడ్డు మీద చోటు పంచాలని చెప్పింది. మేం కొత్తగా అడుగుతున్నదేమీ లేదు.

ఇదంతా మన దేశంలో జరిగేది కాదు అనేవాళ్ళకు ఒక్క ఉదాహరణ. ఇవాళ సైకిళ్ళకు పేరుపడిన నెదర్లాండ్స్‌లో కూడా యాభై, అరవై దశకాల్లో కార్లు పెరిగి సైకిళ్ళు తగ్గిపోయాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,300 మంది చనిపోయారు. వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. "పిల్లల్ని చంపడం ఆపండి" అని అర్థం వచ్చే పేరుతో ఉద్యమం నడిపారు. 1973లో చమురు సంక్షోభం కూడా తోడయింది. అక్కడి ట్రాకులు ఆ తర్వాత వచ్చినవే. అవి ఎవరో దయతలిచి ఇచ్చినవి కావు, అడిగి సాధించుకున్నవి. మొదట అడిగింది బడి పిల్లల తల్లిదండ్రులు.

మన బడికి ఒక మనవి

అందుకే ఈ వ్యాసాన్ని మన సంచికకే రాశాను. ఉత్సవం సందర్భంగా బడికి ఏదైనా శాశ్వతమైన కానుక ఇవ్వాలని సంఘం ఆలోచిస్తున్నదని విన్నాను. ఆర్చి కట్టాలని కొందరు, స్టేజీ కట్టాలని కొందరు అంటున్నారు. నా మనవి ఏమిటంటే, గేటు లోపల ఎడమ పక్క సైకిల్ స్టాండు తిరిగి కడదాం.

ఒక కారు నిలిచే చోటు సుమారు పన్నెండున్నర చదరపు మీటర్లు. సైకిల్‌కు ఒకటిన్నర కూడా అక్కర్లేదు. నాలుగు కార్ల జాగా ఇస్తే కనీసం 32 సైకిళ్ళు పడతాయి. డ్రాయింగు, ఎస్టిమేటు నేను ఉచితంగా చేసి ఇస్తాను. రేకుల ఖర్చు మా 1986 బ్యాచ్ భరిస్తుంది, మిత్రులతో మాట్లాడాను.

స్టాండు కట్టినంత మాత్రాన తల్లిదండ్రులు పిల్లల్ని పంపరు, నాకు తెలుసు. నేనైనా పంపను. అందుకే ఇంకొక మాట. బార్సిలోనాలో 2021లో తల్లిదండ్రులు "సైకిల్ బస్" మొదలుపెట్టారు. పెద్దలు ముందూ వెనకా ఉంటే పిల్లలు మధ్యలో గుంపుగా తొక్కుకుంటూ బడికి వెళ్తారు. దారిలో ఒక్కొక్క మలుపు దగ్గర ఒక్కొక్క పిల్లవాడు వచ్చి కలుస్తాడు. మన పూర్వ విద్యార్థులు ఈ చుట్టుపక్కల కాలనీల్లోనే వందల మంది ఉన్నారు. రిటైరైనవాళ్ళూ ఎక్కువే. వారానికి ఒక్క శనివారం, ఒక్క కాలనీ నుంచి, లోపలి వీధుల్లో మొదలుపెడదాం. మా ఆదివారం గుంపు ముందూ వెనకా ఉంటుంది. ఆ టీచరమ్మ ఇప్పటికే పేరు ఇచ్చారు. ఈసారి అమ్మాయిల సంఖ్య రెండు దగ్గర ఆగకూడదని ఆమె షరతు.

ఉత్సవం రోజు ఉదయం నేను నాన్న అట్లాస్ మీదే వస్తాను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర ఒక నిమిషం ఆగి, అక్కడ పోయినవాళ్ళను తలుచుకుని బయలుదేరుతాను. ఆరున్నరకు అక్కడ ఉంటాను. సైకిల్ ఉన్నవాళ్ళు రండి. లేనివాళ్ళకు మా గుంపులో నాలుగు అదనంగా ఉన్నాయి, ముందు రోజు చెబితే గాలి కొట్టించి తెస్తాం.